అడుగువారి బాధ్యత: ఉద్యోగార్థుల మౌఖిక పరీక్షలపై ఒక సమీక్ష

ఆంధ్రప్రదేశపు ఉద్యోగ నియామకముల చరిత్రలో 2019వ సంవత్సరము ప్రత్యేకముగ పరిశీలింపదగినది. ఒకే ప్రభుత్వము, ఒకే గ్రామము కొరకు, కొద్ది వారముల ఎడముతో రెండు విధముల నియామకములు జరిపి, ఆ రెండింటియందును పరస్పర విరుద్ధములైన రెండు సిద్ధాంతముల నవలంబించినది. ఏబది కుటుంబములకు ఒకరు చొప్పున, నెలకు 5,000 రూపాయల గౌరవవేతనముపై గ్రామ వాలంటీర్లను ఎన్నుకొన్నప్పుడు వ్రాతపరీక్ష యన్నది లేదు. మండల పరిషత్ అభివృద్ధి అధికారి, తహసీల్దారు మొదలగువారు కూర్చున్న సంఘము నెదుట అభ్యర్థి చెప్పుకొన్న సమాధానములే అతని భాగ్యమును నిర్ణయించినవి. ఆ వెనువెంటనే సెప్టెంబరు మాసమున గ్రామ, వార్డు సచివాలయములందలి లక్షకు పైబడిన ఉద్యోగములకు 20 లక్షలమందికి పైగా దరఖాస్తు చేసికొన్నప్పుడు ఇంటర్వ్యూ యన్నది లేదు. జవాబు పత్రముపై దిద్దిన వృత్తములే సర్వస్వము. అనంతపురం జిల్లా వజ్రకరూరు మండలమందలి యువతి యొకతె ఆ రెండింటికిని ప్రయత్నించి యుండిన యెడల, ఒకచోట ఆమె నోటిమాటయే ప్రమాణము, మరియొకచోట ఆమె నోటిమాటకు తావే లేదు. మనిషిని పనికి తీసికొనుటకు ముందు ప్రశ్న లడుగవలెనా, అడిగినచో ఎట్టివి అడుగవలెను, ఎట్టివి అడుగరాదు అను విషయమును మన సమాజము ఇంకను తేల్చుకొనలేదనుటకు ఇంతకన్న నిదర్శనము వేరొకటి అక్కరలేదు.

వజ్రకరూరు వంటి చోట ఈ ప్రశ్నకు గల బరువు పట్టణవాసులకు సులభముగ తెలియదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షము నమ్ముకొని వేరుసెనగ వేయు మెట్ట అది. ఆ వర్షమును ఒక యేడు వచ్చి రెండేండ్లు ముఖము చాటు చేయునట్టిది. అచ్చట ఇంటికొక నెలజీతము రావలెనన్నచో ద్వారములు మిక్కిలి తక్కువ. ఉరవకొండ, వజ్రకరూరు మెట్టలపై వెలసిన గాలిమరల కావలికిని మరమ్మతునకును కొందరు, 1969 నుండి ఈ జిల్లాలో పనిచేయుచున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారి వైద్యశాలలు, పాఠశాలలందు కొందరు, 2019లో కార్ల ఉత్పత్తి ప్రారంభించిన పెనుకొండ సమీపపు కియా కర్మాగారమందు కొందరు, ప్రైవేటు బడులందు, రైతు ఉత్పత్తిదారుల సంఘములందు, అంగన్‌వాడీలందు మరికొందరు. మిగిలినవారు బెంగుళూరు రైలెక్కుదురు. ఇట్టి చోట బల్లకు ఆవలి వైపున కూర్చున్నవారు ఆలోచింపక అడిగిన ఒక్క ప్రశ్న ఒక కుటుంబమును ఊర నిలుపగలదు, వలస పంపగలదు. అందుచేత ప్రశ్న అడుగుట ఒక విద్య యనియు, అడుగువారు నేర్చుకొనదగిన విద్య యనియు నా దృఢమైన అభిప్రాయము.

మన పూర్వులు ఈ విషయమున మనకన్న జాగరూకులు. 1909లో మైసూరున శామశాస్త్రి ప్రకటించిన పిదప లోకమునకు తిరిగి తెలిసిన కౌటిలీయార్థశాస్త్రమున అమాత్యుల ఎన్నికను గూర్చిన ప్రకరణము చదివినవారికి ఒక సంగతి తేటపడును. ఏ గుణమును ఏ మార్గమున తెలిసికొనవలెనో కౌటిల్యుడు వేరువేరుగ విభజించి చెప్పినాడు: విద్యను ఆ విద్య నెరిగినవారి చేతను, ప్రజ్ఞను, దక్షతను ఆ మనిషి పూని చేసిన కార్యముల వలనను, శీలమును, ఆరోగ్యమును అతనితో కలిసి బ్రతికినవారి వలనను, ఉత్సాహమును, ఓర్పును ఆపత్కాలమున అతడు మెలగిన తీరు వలనను గ్రహింపవలెనట. ఇక సంభాషణ వలన తెలియునది ఏమి? వాక్చాతుర్యము, ప్రాగల్భ్యము, సమయస్ఫూర్తి, అంతే. మాటలాడించి చూచినచో మాటకారితనము మాత్రమే తెలియునని రెండువేల యేండ్లకు ముందే ఇంత స్పష్టముగ చెప్పబడి యుండగా, మనము నేటికిని పదినిమిషముల సంభాషణతో నిజాయితీని, కష్టసహిష్ణుతను, నాయకత్వమును తూచగలమని భ్రమపడుచున్నాము.

అది భ్రమయే యని ఆధునికులు లెక్కలతో నిరూపించినారు. 1915లో అమెరికాయందు వాల్టర్ డిల్ స్కాట్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 36 మంది అమ్మకపు ఉద్యోగార్థులను ఆరుగురు అనుభవజ్ఞులైన అధికారులచే వేరువేరుగ ఇంటర్వ్యూ చేయించగా, వారిలో 28 మంది విషయమున ఆ అభ్యర్థి పైసగమునకు చెందినవాడా, క్రిందిసగమునకు చెందినవాడా యను దానియందే అధికారులకు ఏకాభిప్రాయము కుదరలేదు. అనుభవము గల కన్నులు ఒకే మనిషిని చూచి ఇంత భిన్నముగ తీర్పు చెప్పినవన్నచో, ఆ తీర్పు అభ్యర్థిని గూర్చినది కాదు, తీర్పరిని గూర్చినది.

అట్లని ఇంటర్వ్యూను పూర్తిగ తోసిపుచ్చుటకును వీలు లేదు. 1998లో ష్మిట్, హంటర్ అను పండితులు 85 సంవత్సరముల పరిశోధనలను ఒకచోట చేర్చి, ఎంపిక పద్ధతికిని ఉద్యోగమున ఆ మనిషి తరువాత చూపిన పనితనమునకును గల పొందికను కొలిచిరి. ఆ కొలతలో 1 యన్నది సంపూర్ణమైన పొందిక, 0 యన్నది ఏ సంబంధమును లేకుండుట. నోటికి వచ్చిన ప్రశ్నలతో సాగు ఇంటర్వ్యూకు వారి లెక్కలో 0.38 రాగా, ముందుగ నిర్ణయించుకొన్న ప్రశ్నలను అందరిని ఒకే తీరున అడిగి మార్కులు వేయు క్రమబద్ధమైన ఇంటర్వ్యూకు 0.51 వచ్చినది. 2022లో శాకెట్ మొదలగువారు ఆ లెక్కలందలి లోపములను సవరించి మరల గణింపగా, మొదటిది 0.19కి పడిపోయినది, రెండవది 0.42 వద్ద నిలిచి, వారు పరిశీలించిన ఎంపిక సాధనములన్నిటిలో అగ్రస్థానము నందుకొన్నది. పరీక్షించువారు అట్టివారే, పరీక్షింపబడువారు అట్టివారే; అడుగు క్రమము మాత్రమే మారినది. ఇంత చిన్న శ్రద్ధకు ఇంత పెద్ద ఫలమిచ్చు కార్యము నియామకములందు వేరొకటి నాకు కానరాదు.

ఇక న్యాయస్థానముల సంగతి. 1980 నవంబరున అజయ్ హాసియా కేసులో సర్వోన్నత న్యాయస్థానము శ్రీనగరు రీజనల్ ఇంజనీరింగు కళాశాల ప్రవేశముల వివాదముపై తీర్పు చెప్పినది. అది ఉద్యోగ నియామకము కాకున్నను మౌఖిక పరీక్షల చరిత్రలో దానిని విడువ వీలులేదు. అచ్చట మొత్తము మార్కులలో మూడవవంతు ఇంటర్వ్యూకు కేటాయింపబడినది; ఆ ఇంటర్వ్యూ అభ్యర్థికి రెండు మూడు నిమిషములకు మించలేదనియు, తల్లిదండ్రులెవరు, నివాసమెచ్చట అను ప్రశ్నలే అడిగిరనియు ఫిర్యాదు. న్యాయమూర్తి భగవతి ఆ మూడవవంతు నిరంకుశమని తేల్చి, నూటికి 15 మార్కులకు మించి ఇంటర్వ్యూకు ఇచ్చుట తగదనియు, వీలైనచోట సంభాషణను టేపు రికార్డు చేయుట మంచిదనియు సూచించెను. నలువది యేండ్లు దాటినను ఆ రెండవ సూచనను పాటించిన నియామక సంఘములు అరుదు. చేతిలోని ఫోను చాలునట్టి ఈ కాలమున అది మన అలక్ష్యమే గాని అశక్తత కాదు.

మరుసటి యేడు, 1981లో, లీలాధర్ కేసున ఇదే ప్రశ్నకు మరియొక పార్శ్వమును చూపినవారు మా అనంతపురం జిల్లా బిడ్డయే, న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి. రాజస్థాన మున్సిఫుల నియామకమున మౌఖిక పరీక్షకు నూటికి 25 మార్కులుంచుట చెల్లునని ఆయన తీర్పు చెప్పుచు, అప్పుడే బడి విడిచి వచ్చు పిల్లల వ్యక్తిత్వము ఇంకను రూపుగట్టదు గనుక వారికి వ్రాతపరీక్షయే ప్రధానముగ ఉండవలెననియు, వయస్సును, అనుభవమును గల పరిణతులైనవారి విషయమున ఇంటర్వ్యూకు ఎక్కువ బరువు ఈయవచ్చుననియు వివరించెను. ఈ వివేచన నాకు అత్యంత విలువైనదిగ తోచుచున్నది. ఇంటర్వ్యూ మంచిదా చెడ్డదా యను మొండి ప్రశ్నను విడిచి, ఎవరికి, ఏ పనికి, ఎంత మేరకు అను ప్రశ్నను ఆయన ముందు నిలిపెను. 1985లో హర్యానా సర్వీసుల కేసున అదే న్యాయస్థానము కేంద్ర పబ్లిక్ సర్వీస్ కమిషను పాటించుచుండిన 12.2 శాతమును ఆదర్శముగ చూపినది. నేడు ఆ కమిషను వారి సివిల్ సర్వీసుల పరీక్షలో మొత్తము 2,025 మార్కులకు వ్యక్తిత్వ పరీక్ష 275 మార్కులది.

ప్రభుత్వములు మాత్రము సులభమార్గమును ఎన్నుకొన్నవి. 2016 జనవరి 1 నుండి కేంద్రప్రభుత్వము గ్రూపు 'సి', గ్రూపు 'డి' ఉద్యోగములకును, గ్రూపు 'బి'లోని నాన్ గెజిటెడ్ ఉద్యోగములకును ఇంటర్వ్యూలను రద్దు చేసినది. 2022లో తెలంగాణ ప్రభుత్వము గ్రూపు-1, గ్రూపు-2 ఉద్యోగములకు సైతము తీసివేసినది. సిఫారసులకును, లంచములకును తావిచ్చిన తలుపును మూసివేయుట ప్రజలకు ఊరట కలిగించినదనుట నిజమే. నేనును ఆ ఊరటను తక్కువ చేయను. కాని తలుపు మూయబడినది ప్రభుత్వోద్యోగములకే. ప్రైవేటు బడి, ఆసుపత్రి, కర్మాగారము, సహకార సంఘము అన్నియు ప్రశ్నలతోనే మనుషులను తీసికొనుచున్నవి. వానికి వ్రాతపరీక్ష జరుపు స్తోమతయు లేదు, అవసరమును లేదు. కావున రద్దు చేయుట సమాధానము కాజాలదు. సరిగ అడుగుట నేర్వవలసినదే.

సరిగ అడుగుట యన నేమి? మన ఇంటర్వ్యూలందు మొదట వినబడు ప్రశ్న 'మిమ్మల్ని గురించి చెప్పండి' అన్నది. ఆ వెంటనే 'మీ బలమేమి, బలహీనత యేమి', ఆపైన 'ఐదేండ్ల తరువాత ఎక్కడ ఉంటారు'. ఈ మూడింటికిని హైదరాబాదు అమీర్‌పేట శిక్షణ కేంద్రములలో సిద్ధముగ జవాబులు దొరకును. ఫీజు కట్టి అవి కంఠస్థము చేసినవాడు చక్కగ చెప్పును. వజ్రకరూరు నుండి తిన్నగ వచ్చినవాడు తడబడును. ఈ ప్రశ్నలు కొలుచునది శిక్షణకు కట్టిన సొమ్మునే గాని పనితనమును గాదు. 'మీరు నిజాయితీగా ఉంటారా' వంటి ప్రశ్నకు 'ఉండను' అని చెప్పు అభ్యర్థి భూమిపై పుట్టియుండడు. ఎల్లవారును ఒకే జవాబు చెప్పు ప్రశ్న వలన ఎవరిని గూర్చియు ఏమియు తెలియదు.

ప్రశ్న పనినుండి పుట్టవలెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా వైమానిక దళమున పనిచేసిన జాన్ ఫ్లానగన్ 1954లో ప్రకటించిన పద్ధతి ఇదే: ఒక ఉద్యోగమున మనిషి గట్టెక్కినవి, బోల్తాపడినవి యగు వాస్తవ ఘటనలను అది చేసినవారి నోట సేకరించి, వానినుండి ఆ పనికి కావలసిన గుణములను తీయవలెను. దాని ఆధారమున 1980లో గ్యారీ లేథమ్ 'ఇట్టి పరిస్థితి వచ్చినచో మీరేమి చేయుదురు' అను ప్రశ్నలను, 1982లో టామ్ జాంజ్ 'ఇట్టి పరిస్థితి వచ్చినప్పుడు మీరేమి చేసితిరి' అను ప్రశ్నలను శాస్త్రీయముగ రూపొందించిరి. ఈ రెండు తెగల ప్రశ్నలను మన పనులకు అన్వయించి చూతము.

వేరుసెనగ కొనుగోలు చేయు రైతు ఉత్పత్తిదారుల సంఘమునకు గుమాస్తా కావలెను. అచ్చట నిత్యము వచ్చు చిక్కేమి? తెచ్చిన కాయలో తేమ ఎక్కువ; రైతు ఇరుగింటివాడు; కొననన్నచో కోపము, కొన్నచో గోదామున బూజు. అభ్యర్థితో ఆ సంగతి చెప్పి, 'మీరు అతనితో ఏమందురు, పుస్తకమున ఏమి వ్రాయుదురు' అని అడుగుడు. తరువాత, 'తూకములోనో డబ్బులోనో లెక్క తప్పిన సందర్భము మీకెప్పుడైన వచ్చినదా, అప్పుడేమి చేసితిరి' అనుడు; అతడు ఉద్యోగమే చేసి యుండనక్కరలేదు, ఊరి జాతర చందా లెక్క వ్రాసి యుండినను చాలును. 'మొదట ఎవరికి చెప్పితిరి? మీరు స్వయముగ చేసిన దెంత, ఇతరులు చేసిన దెంత? చివరకు లెక్క తేలినదా?' అని వెంటాడుడు. కల్పించి చెప్పువాడు ఈ మూడవ ప్రశ్న వద్ద ఆగిపోవును. నిజముగ చేసినవాడు అక్కడినుండియే ఉత్సాహముగ చెప్పసాగును. చివరకొక గోనెసంచి, ఒక త్రాసు, ఒక రసీదు పుస్తకము ముందు పెట్టి చేసి చూపుమనుడు. ఇంటింటికి పింఛను పంచు ఉద్యోగమునకైనచో, 'వృద్ధురాలి వ్రేలిముద్ర యంత్రమున పడుట లేదు, ఆమెకు ఆ సొమ్ముతోనే మందులు. మీరేమి చేయుదురు' అను ఒక్క ప్రశ్న పథకముల పేర్లు ఒప్పగించుమనుటకన్న నూరురెట్లు ఎక్కువ చెప్పును. ఉపాధ్యాయురాలినైనచో పదినిమిషములు పాఠము చెప్పుమని, పిల్లవాడు తప్పు జవాబు చెప్పినప్పుడు ఆమె ఏమి చేయునో చూడుడు.

ప్రతి తొలకరికిని వజ్రకరూరు చేలలో వజ్రములకై ఎక్కడెక్కడివారో వచ్చి నేల చూచుచు తిరుగుదురు. భూగర్భశాస్త్రజ్ఞులు మాత్రము వజ్రములుండు కింబర్లైటు శిలను వెదకునప్పుడు వజ్రమునకై చూడరు, వాగుల ఇసుకలో దానితోడ కూడి వచ్చు ఎఱ్ఱని గార్నెట్టు, క్రోమైటు రేణువుల జాడ తీయుదురు. నిజాయితీయు, ఓర్పును అట్లే నేరుగ కంటబడవు; వాని వెంట వచ్చు చిన్న చిన్న పనుల జాడనే అడిగి తీయవలెను.

ఈ మెట్టభూమి యువకుల విషయమున ఒక ముఖ్యమైన సంగతి చెప్పవలసి యున్నది. వారి దరఖాస్తులలో చదువునకును ఉద్యోగమునకును నడుమ రెండు మూడేండ్లు ఖాళీగ కానవచ్చును. 'ఈ కాలమంతయు ఏమి చేసితివి' అని అధికారి గద్దించును. ఆ యేండ్లలో అతడు బోరు ఎండినప్పుడు మోటారు విప్పి బిగించియుండును, బ్యాంకు చుట్టు తిరిగి పంటరుణము తిరగరాయించి యుండును, బెంగుళూరున కట్టడపు పనిలో పదిమంది కూలీల లెక్క చూచియుండును. ఇవి అనుభవములు కావని అతడును అనుకొనును, అడుగువాడును అనుకొనును. 'ఆ యేండ్లలో మీరు నేర్చిన పని యేది, మీ చేతిమీదుగ నడిచినదేది' అని మర్యాదగ అడిగినచో ఆ ఖాళీయే దరఖాస్తులోని అత్యంత విలువైన భాగము కాగలదు. పనికి ఇంగ్లీషు అవసరము లేనప్పుడు తెలుగుననే అడుగుట ఇందులో భాగము.

అడుగరాని ప్రశ్నలును కలవు. 'ఎవరి అబ్బాయివి? ఇంటిపేరేమి? మీరేమిటోళ్లు?' అను ప్రశ్నలు మన ప్రాంతమున పలకరింపువలె వచ్చును. కాని బల్ల కావల కూర్చున్నవాని నోట అవి పలకరింపులు కావు. 2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ ఆటవెల్ జరిపిన పరిశోధనలో సమానమైన అర్హతలతో, పేర్లు మాత్రము మార్చి ప్రైవేటు సంస్థలకు దరఖాస్తులు పంపగా, దళితుల పేర్లకును, ముస్లిముల పేర్లకును పిలుపులు తక్కువగ వచ్చినవి. అదే యేట సురిందర్ జోధ్కా, కేథరీన్ న్యూమన్ పెద్ద సంస్థల నియామకాధికారులను ప్రశ్నింపగా, ప్రతిభయే తమకు ప్రమాణమని చెప్పిన ఆ అధికారులే 'కుటుంబ నేపథ్యము' అడిగి దానికి గొప్ప విలువ నిచ్చెదమని తెలిపిరి. తండ్రి యేమి చేయును అను ప్రశ్నకు వలసకూలి బిడ్డ చెప్పగల జవాబు ఏ ఉద్యోగమునకును అర్హతయు కాదు, అనర్హతయు కాదు; ఆ ప్రశ్న అడిగి, జవాబు విని, దానిని మనస్సునుండి తుడిచివేయగలవాడు లేడు.

స్త్రీలకు మరికొన్ని. పెండ్లి యెప్పుడు, పిల్ల లెందరు, పెండ్లియైన పిదప మానుదువా? 1991లో నీరా మాథుర్ కేసున జీవిత బీమా సంస్థ అభ్యర్థులచే నింపించు డిక్లరేషను పత్రము స్త్రీల ఋతుక్రమమును, గర్భములను గూర్చి అడుగుట చూచి సర్వోన్నత న్యాయస్థానము అట్టి ప్రశ్నలు స్త్రీకి సిగ్గును, అవమానమును కలిగించునని చెప్పి వానిని తొలగింపుమన్నది. ఆసుపత్రిలో రాత్రి విధులున్నచో, 'నెలకిన్ని రాత్రులు పని యుండును, మీకు వీలగునా' అని స్త్రీలను, పురుషులను సమానముగ అడుగవచ్చును. పనికి కావలసినది అడుగుటకు ఇది చాలును.

ముందే వ్రాసికొన్న ప్రశ్నలు మనిషిని యంత్రముగ మార్చునను ఆక్షేపణ ఒకటి కలదు. 1955లో ఇజ్రాయెలు సైన్యమున యువ మనశ్శాస్త్రజ్ఞుడైన డేనియల్ కానెమన్ ఆరు గుణములను ఒక్కొక్కటిగ అడిగి వేరువేరుగ మార్కులు వేయు పద్ధతి పెట్టినప్పుడు ఇంటర్వ్యూ చేయువారు ఇదే మాట అని గొడవపడిరి. ఆయన ఒక సర్దుబాటు చేసెను: ఆరింటికి మార్కులు వేసిన పిదప కన్నులు మూసికొని ఈ మనిషి ఎట్టి సైనికుడగునో ఊహించి ఒక మార్కు వేయుడనెను. తరువాత చూడగా ఆరు మార్కుల మొత్తము పాత పద్ధతికన్న ఎంతో మేలుగ తేలినది. కడపటి ఊహయు దానికి తీసిపోలేదు. క్రమము ముందు, ఊహ వెనుక. ఈ వరుస తలక్రిందులైనప్పుడే అనర్థము. ప్రశ్నలు ముందే నిశ్చయింపబడినను వెంటాడు ప్రశ్నలు అభ్యర్థి మాటనుండియే పుట్టును గనుక, అడుగువాని చాతుర్యమునకు తావు తగ్గదు.

మరియొక ఆక్షేపణ కలదు: చిన్న బడికి, చిన్న సంఘమునకు ఇంత తీరిక ఎక్కడిది? ఆరు ప్రశ్నలు వ్రాయుటకు ఒక సాయంకాలము చాలును. తప్పుగ తీసికొన్న గుమాస్తా వలన గోదామున చెడిపోవు కాయను లెక్కించినచో ఆ సాయంకాలము మిక్కిలి చౌక.

వజ్రకరూరు మెట్టనగాని, మరెచ్చటనగాని, త్వరలో ఎవరినైన ఉద్యోగమునకు పిలువబోవు ప్రధానోపాధ్యాయులు, సంఘముల డైరెక్టర్లు, వైద్యశాలల నిర్వాహకులు ఈ క్రింది విన్నపమును ఆలకింతురుగాక: అభ్యర్థులు రాకముందే ప్రశ్నలు వ్రాసి పెట్టుకొనుడు, మంచి జవాబు ఎట్లుండునో, పేలవమైన జవాబు ఎట్లుండునో ప్రక్కన వ్రాసికొనుడు, అందరిని అవే అడుగుడు, మీలో పెద్దవారు నోరు తెరవకముందే ఎవరి మార్కులు వారు వేయుడు, ఆ కాగితములను దాచుడు, ఎంపిక కానివారు కారణమడిగినచో ఆ కాగితమును చూచి చెప్పుడు.